బండి చేరువ.. చికిత్స దూరం

పశ్చిమ మండలాలలో 108కు అసలు పరీక్ష కర్నూలు దారిలోనే

మద్దికెర: కర్నూలు జిల్లా పటంలో మద్దికెర దక్షిణపు అంచున ఉంటుంది. పొలిమేర దాటితే అనంతపురం జిల్లా. గుంతకల్లు సుమారు పదిహేను కిలోమీటర్లు. సొంత జిల్లాలోని ఆదోని యాభై కిలోమీటర్ల మేర, జిల్లా కేంద్రమైన కర్నూలు వంద కిలోమీటర్ల చుట్టుపక్కల ఉన్నాయి. పెళ్లి బట్టలకు, రైలు ప్రయాణానికి, విత్తనాల బేరానికి ఇక్కడివారు ఏనాడూ జిల్లా సరిహద్దును లెక్కచేయలేదు. గుంతకల్లుకు పోయి పని ముగించుకొని పొద్దు గుంకే లోపల ఇల్లు చేరతారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం దూరాల లెక్క మారిపోతుంది. చిన్న గాయానికి గుంతకల్లు సరిపోవచ్చు. తలకు దెబ్బ తగిలినా, కడుపులో రక్తస్రావమైనా, కాన్పు కష్టమైనా చివరకు పెద్దాసుపత్రి దారి పట్టవలసిందే.

అత్యవసర వైద్య సేవ అనగానే అందరి కన్నూ అంబులెన్సు మీదనే పడుతుంది. ప్రభుత్వాలు కూడా కొత్త బండ్లను వరుసగా నిలిపి జెండా ఊపడాన్నే ఈ సేవకు ఆనవాలుగా చూపుతూ వచ్చాయి. ఎన్ని బండ్లు ఉన్నాయి, ఎన్ని నిమిషాలలో వచ్చాయి అన్న రెండు ప్రశ్నల చుట్టూనే ఇరవై ఏళ్లుగా చర్చ నడుస్తోంది. బండి ఎక్కిన తరువాత రోగి ఎంతసేపటికి వైద్యుడి చేతిలో పడ్డాడన్న మూడో ప్రశ్నను అడిగేవారు తక్కువ. మద్దికెర, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతానికి ఆ మూడో ప్రశ్నే ముఖ్యం.

నాటి ఆరంభం

2005 ఆగస్టు 15న హైదరాబాదు కేంద్రంగా 108 సేవ మొదలైంది. సత్యం కంప్యూటర్స్ అధినేత బి.రామలింగరాజు నెలకొల్పిన అత్యవసర నిర్వహణ, పరిశోధన సంస్థ, అంటే ఈఎంఆర్ఐ, దీనికి మూలం. అంతకు ముందు ప్రభుత్వాసుపత్రుల ఆవరణలో అంబులెన్సులు లేకపోలేదు. డీజిలుకు డబ్బు ఉంటే డ్రైవరు ఉండడు, ఇద్దరూ ఉంటే టైర్లు ఉండవు. పల్లెటూళ్లలో రోగిని మంచం మీద మోసుకొని రోడ్డుకు చేర్చి, వచ్చే లారీనో బస్సునో ఆపడమే ఆనవాయితీ. రైలు మార్గం ఉన్న ఊళ్లలో ప్యాసింజరు బండే అంబులెన్సు. ఆ స్థితిలో మూడంకెల నంబరుకు డబ్బు లేకుండా ఫోను చేస్తే బండి ఇంటి ముందుకు రావడం, అందులో ప్రాణవాయువుతోపాటు శిక్షణ పొందిన మనిషి ఉండడం జనానికి నమ్మశక్యం కాని సంగతి అయింది. డ్రైవరును ‘పైలట్’ అని పిలవడం కూడా పల్లెలకు 108తోనే తెలిసింది.

తొలుత కొన్ని నగరాలకు పరిమితమైన సేవను వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఒప్పందం ద్వారా రాష్ట్రమంతటా విస్తరించింది. ఉమ్మడి రాష్ట్రంలో వాహనాల సంఖ్య 802కు చేరింది. నిర్వహణ వ్యయంలో 95 శాతాన్ని రాష్ట్ర ప్రభుత్వమే భరించసాగింది. అంటే పేరుకు స్వచ్ఛంద సంస్థ నడిపినా డబ్బు ప్రజలదే. 2005లోనే మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఇటువంటి సేవలకు తొలి ఏడాది 60, రెండో ఏడాది 40, మూడో ఏడాది 20 శాతం చొప్పున నిర్వహణ సాయం చేస్తానని ముందుకు రావడంతో ఇతర రాష్ట్రాలూ కదిలాయి. 2007 ఆగస్టులో గుజరాత్, 2008 సెప్టెంబరులో తమిళనాడు, అదే ఏడాది నవంబరులో కర్ణాటక ఈ నంబరును అందుకొన్నాయి. తెలుగునాట పుట్టిన పద్ధతి దేశానికి నమూనా అయిందనడంలో అతిశయోక్తి లేదు.

2009 జనవరి 7న సత్యం ఖాతాల తారుమారును రామలింగరాజు స్వయంగా ఒప్పుకోవడంతో 108 భవిష్యత్తుపై నీలినీడలు కమ్ముకొన్నాయి. వ్యయంలో అధిక భాగం ప్రభుత్వానిదే కావడంతో బండ్లు ఆగలేదు. ఆ ఏడాదే జీవీకే సంస్థ బాధ్యత స్వీకరించింది. ఈ ఉదంతం ఒక సంగతిని తేటతెల్లం చేసింది. సేవకు ఆధారం దాత ఉదారత కాదు, ఖజానా నుంచి క్రమం తప్పకుండా వచ్చే సొమ్ము. దాత పోయినా సేవ నిలిచింది. సొమ్ము ఆలస్యమైన ప్రతిసారీ డీజిలుకు, టైర్లకు, జీతాలకు ఇబ్బంది కలిగింది.

చేతులు మారిన సేవ

2014లో రాష్ట్ర విభజన తరువాత రెండు రాష్ట్రాల దారులు వేరయ్యాయి. తెలంగాణలో పాత సంస్థే కొనసాగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 చివర బీవీజీ, బ్రిటన్‌కు చెందిన భాగస్వామ్య సంస్థతో కలిసి నిర్వహణ చేపట్టింది. 2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్‌లో నాటి ముఖ్యమంత్రి వై.ఎస్.జగన్‌మోహన్‌రెడ్డి 108, 104 సేవలకు చెందిన 1,088 వాహనాలను ప్రారంభించారు. అందులో 108 కొత్త వాహనాలు 412. వాటిలో ప్రాథమిక ప్రాణరక్షణ సదుపాయాలు కలవి 282, వెంటిలేటరు వంటి ఉన్నత పరికరాలు కలవి 104, నవజాత శిశువులకు ప్రత్యేకించినవి 26. పాతవాటితో కలిపి మొత్తం 731. నిర్వహణ అరబిందో అత్యవసర వైద్య సేవల సంస్థకు దక్కింది. 2023 జులైలో మరో 146 వాహనాలు వచ్చాయి. 2024లో ప్రభుత్వం మారాక నిర్వాహకుల ఎంపిక మళ్లీ టెండర్ల దారి పట్టింది.

నిర్వాహకులు మారితే రోగికి నష్టమేమిటన్న ప్రశ్న సహజం. బండి అదే, నంబరు అదే, చాలాచోట్ల మనుషులూ వారే. అయితే ప్రతి మార్పులోనూ పాత బకాయిలు, భవిష్యనిధి లెక్కలు, సర్వీసు కాలం ఎవరి ఖాతాలో పడాలన్న తగవు మిగులుతుంది. బండిలో ఉండేది ఇద్దరే. పైలట్ ఒకరు, అత్యవసర వైద్య సాంకేతిక నిపుణుడు, అంటే ఈఎంటీ, ఒకరు. పన్నెండు గంటల విధిని ఎనిమిది గంటలకు తగ్గించాలని ఉద్యోగ సంఘాలు ప్రభుత్వాన్ని కోరుతూ వచ్చాయి. రాత్రంతా కర్నూలు దారిలో బండి నడిపిన మనిషికి తెల్లవారుజామున మరో పిలుపు వస్తే, ఆ కునికిపాటు రోగికే కాదు, ఎదురొచ్చే వాహనాలకూ ప్రమాదమే. టెండరు పత్రంలో కిలోమీటరు ఖర్చుకు ఉన్న స్థానం ఈ నిద్రకు ఉండదు.

ఇరవై నిమిషాల లెక్క

2020 నాటి ఏర్పాటులో పట్టణాలలో 15, గ్రామాలలో 20, ఏజెన్సీ ప్రాంతాలలో 30 నిమిషాలలో బండి చేరాలని నిర్ణయించారు. అంతకు ముందు 1,19,545 మందికి ఒకటిగా ఉన్న అంబులెన్సు 74,609 మందికి ఒకటి అయిందని ప్రభుత్వం ప్రకటించింది. మండలానికి ఒక బండి అన్నది స్థూలంగా లక్ష్యం. జనాభా లెక్కన చూస్తే మద్దికెర వంటి చిన్న మండలానికి రాష్ట్ర సగటు కంటే మెరుగైన వాటా దక్కినట్టే. 2011 జనగణనలో పట్టణ జనాభాయే 1,66,344గా నమోదైన ఆదోనితో పోలిస్తే మరీ మెరుగు.

కాగితం మీది ఈ మెరుగుదల దారిలో ఎంతవరకు నిలుస్తుందో ఒక ప్రయాణాన్ని లెక్కగట్టి చూడవచ్చు. పిలుపు అందిన 20 నిమిషాలకు బండి వచ్చిందనుకొందాం. రోగిని ఎక్కించడానికి, రక్తస్రావం ఆపడానికి, సెలైన్ పెట్టడానికి పది పదిహేను నిమిషాలు. పత్తికొండలో ఆపి ప్రథమ చికిత్స చేయిస్తే మరికొంత. అక్కడి నుంచి కర్నూలుకు పంపితే మొత్తం దారి రెండు గంటలకు తక్కువ కాదు. సర్వజన ఆసుపత్రిలో స్ట్రెచరు దొరికి, రోగిని అప్పగించి, బండి కడిగేసరికి అరగంట. తిరుగు ప్రయాణం మరో రెండు గంటలు. వెరసి అయిదు గంటలు. ఒక్క కర్నూలు ప్రయాణంతో మండలపు బండి ఆ పూటంతా మండలంలో ఉండదు. రోజుకు రెండు పడితే ఇరవై నాలుగు గంటలలో పది గంటలు ఖాళీ.

ఆ ఖాళీలో పిలుపు వస్తే తుగ్గలి నుంచో, చిప్పగిరి నుంచో, పత్తికొండ నుంచో బండిని మళ్లించాలి. అప్పుడు ఆ మండలం ఖాళీ అవుతుంది. అందుచేత ‘ఇరవై నిమిషాలు’ అన్నది బండి స్థావరంలో నిలిచి ఉన్నప్పుడు మాత్రమే నిజమయ్యే మాట. ఆసుపత్రి దగ్గరగా ఉన్న మండలంలో ఒక బండి చేసే పనికి, ఆసుపత్రి వంద కిలోమీటర్లున్న మండలంలో రెండు కావాలి. జనాభా ప్రాతిపదికన పంపకం చేసే పద్ధతిలో ఈ తేడాకు గడి లేదు. దూరాన్ని, ప్రయాణ కాలాన్ని కలిపి బండ్లను కేటాయించి ఉంటే పశ్చిమ మండలాల వాటా వేరుగా ఉండేది.

రైలు గేట్లు, వానాకాలపు వంకలు ఈ లెక్కలోకి ఇంకా రాలేదు. గుంతకల్లు నుంచి డోన్ వైపు, ఆదోని మీదుగా రాయచూరు వైపు పోయే రెండు రైలు మార్గాలూ ఈ ప్రాంతం గుండానే సాగుతాయి. వంతెన లేని చోట గూడ్సు బండి దాటేవరకు అంబులెన్సు సైరను మోగుతూ నిలబడవలసిందే. నల్లరేగడి నేలల్లో వాన పడితే పొలం దారిలోకి నాలుగు చక్రాల బండి దిగదు. పాము కరిచిన రైతునో కూలీనో గట్టు దాకా మోసుకు రావడం ఈనాటికీ తప్పడం లేదు.

ఎవరి పిలుపు ఎక్కడికి?

పశ్చిమ ప్రాంతానికి మరో చిక్కు సరిహద్దు. హొళగుంద, హాలహర్వి, కౌతాళం మండలాలకు కర్ణాటక ఆనుకొనే ఉంది. రెండు రాష్ట్రాలలోనూ నంబరు 108 అయినా వాటి కాల్ సెంటర్లు వేరు. సరిహద్దు ఊరిలో సెల్‌ఫోన్ అవతలి రాష్ట్రపు టవరును పట్టుకొంటే పిలుపు అవతలి కేంద్రానికే పోతుంది. తెలుగులో ఊరి పేరు చెప్పి, మండలం చెప్పి, అది తమ పరిధి కాదని తేలి, తిరిగి ఫోను చేసేసరికి విలువైన నిమిషాలు పోతాయి. మద్దికెరకు ఈ ఇబ్బంది లేదు గాని, జిల్లా సరిహద్దు చిక్కు ఉంది. సమీపంలోని తగిన ఆసుపత్రికి చేర్చాలన్నది 108 సూత్రం. తగినది ఏదన్న దగ్గరే పేచీ. గుంతకల్లు దగ్గర, కాని పెద్ద శస్త్రచికిత్సకు అక్కడి నుంచి మళ్లీ అనంతపురమో కర్నూలో పోవాలి. బళ్లారిలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. గుంతకల్లు నుంచి యాభై కిలోమీటర్ల దూరమే అయినా అది పొరుగు రాష్ట్రం. ఆరోగ్యశ్రీ వంటి పథకం వర్తింపు, మెడికో లీగల్ కాగితాలు, పోలీసు పంచనామా అన్నీ రాష్ట్ర హద్దు దగ్గర తడబడతాయి. స్తోమత ఉన్నవారు సొంత ఖర్చుతో ప్రైవేటు బండి మాట్లాడుకొని బళ్లారికో రాయచూరుకో పోతున్నారు. లేనివారికి కర్నూలే దిక్కు. కర్నూలు సర్వజన ఆసుపత్రికి ఇటు తెలంగాణ పాలమూరు ప్రాంతం నుంచి, అటు కర్ణాటక సరిహద్దు తాలూకాల నుంచి కూడా రోగులు రావడం దశాబ్దాలుగా ఉన్నదే. అంటే రోగులు రాష్ట్రాల హద్దులను ఎప్పుడో దాటారు, పథకాలే దాటలేదు.

వలస కాలంలో సమస్య తలకిందులవుతుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే ‘సుగ్గి’కి తరలిపోతాయి. గుంటూరు మిరపచేలకు, తెలంగాణ పత్తిచేలకు బొలేరోలలో, లారీలలో కిక్కిరిసి పోయే ఈ జనం తెలియని దారిలో ప్రమాదానికి గురైతే 108కు చెప్పవలసిన మొదటి సమాచారమే వారి వద్ద ఉండదు. తామున్న ఊరి పేరు వారికి తెలియదు. ఫోను ఎక్కడి నుంచి వచ్చిందో దానంతట అదే గుర్తించే ఏర్పాటు ఎంత కచ్చితంగా పనిచేస్తే ఇటువంటివారికి అంత మేలు. చదువుకొన్న నగరవాసి తన ఫోనులో పటం చూసి చోటు చెప్పగలడు. కూలికి పోయే మనిషికి ఆ పని కాల్ సెంటరే చేసిపెట్టాలి.

బన్ని రాత్రి చూపే దారి

ఈ ప్రాంతంలో అత్యవసర వైద్యం ముందస్తు ప్రణాళికతో నడిచే రాత్రి ఏడాదికి ఒకటి ఉంది. విజయదశమి రాత్రి హొళగుంద మండలం దేవరగట్టులో మాళమల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం. ఉత్సవమూర్తుల కోసం నెరణికి, కొత్తపేట తదితర గ్రామాలవారు ఒకవైపు, మిగతా గ్రామాలవారు మరోవైపు కర్రలతో తలపడడం ఆచారం. తలలు పగలడం, కాళ్లు చేతులు విరగడం ఏటా పదుల సంఖ్యలో జరుగుతుంది. ప్రాణాలు పోయిన సంవత్సరాలూ ఉన్నాయి. దీనిని ఆపాలని అధికారులు చేసే ప్రచారం ఒకవైపు సాగుతుండగానే, మరోవైపు ఆ రాత్రి కోసం తాత్కాలిక వైద్యశిబిరం వెలుస్తుంది. వైద్యులు, కుట్లు వేసే సిబ్బంది, మందులు, వరుసగా నిలిపిన 108 వాహనాలు సిద్ధంగా ఉంటాయి. చిన్న గాయాలకు అక్కడే చికిత్స చేసి, తీవ్రమైన వాటిని ఆలూరు, ఆదోని ఆసుపత్రులకు తరలిస్తారు.

ఆచారం మంచిచెడ్డలు అటుంచితే, ఆ రాత్రి అమలయ్యే పద్ధతిలోని వరుస గమనార్హం. గాయం ఎక్కడ తగులుతుందో ముందే తెలుసు. వైద్యుడిని అక్కడికే పంపారు. ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అన్నది శిబిరంలోనే తేలుతుంది. బండి తరువాతి సంగతి. మిగిలిన 364 రోజులూ ఈ వరుస తిరగబడుతుంది. ముందు బండి, దాని వెంట దూరం, చిట్టచివర వైద్యుడు. ఖరీఫ్ పొలంపనుల కాలంలో పాముకాట్లు, పురుగుమందు చల్లే వారాలలో విషప్రభావం కేసులు, పంట అమ్మకాల రోజుల్లో ఆదోని మార్కెట్ యార్డు దారులపై ప్రమాదాలు.. ఇవీ ముందే తెలిసినవే. దేవరగట్టుకు ఒక రాత్రి చేయగల ఏర్పాటును రుతువును బట్టి మండలాలకు చేయలేకపోవడానికి డబ్బు కంటే అలవాటే పెద్ద అడ్డంకి.

పాముకాటునే తీసుకొంటే, విషాన్ని విరిచే మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండి, దానిని ధైర్యంగా ఎక్కించే వైద్యుడు ఆ రాత్రి అక్కడ ఉంటే కర్నూలు ప్రయాణమే తప్పవచ్చు. మందు ఉండి వైద్యుడు లేకపోతే ‘రెఫర్’ అని రాసి పంపడమే మిగులుతుంది. 108 బండి అప్పుడు అత్యవసర వాహనం కాదు, ఒక ఆసుపత్రి చేతులెత్తేసిన పనిని మరో ఆసుపత్రికి మోసే వాహనం. కింది ఆసుపత్రి బలహీనపడే కొద్దీ పై ఆసుపత్రికి ప్రయాణాలు పెరుగుతాయి. ప్రయాణాలు పెరిగే కొద్దీ మండలంలో బండి కనిపించదు. బండి రాలేదన్న ఫిర్యాదుకు మూలం చాలాసార్లు బండిలో లేదు.

ఇతర రాష్ట్రాల తీరు

ప్రపంచంలో అత్యవసర వైద్యానికి రెండు పాత బాటలున్నాయి. ఫ్రాన్స్‌లో వైద్యుడే బండి ఎక్కి రోగి వద్దకు వస్తాడు. అమెరికా, బ్రిటన్‌లలో శిక్షణ పొందిన పారామెడిక్ వచ్చి, వీలైనంత త్వరగా ఆసుపత్రికి చేరుస్తాడు. మన 108 రెండో బాటది. ఈఎంటీలకు శిక్షణ ఇవ్వడంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఈఎంఆర్ఐకి తోడ్పడింది కూడా. రెండో బాటకు ఒక షరతు ఉంది. ఆసుపత్రి దగ్గరగా ఉండాలి, దాని తలుపు తెరిచి ఉండాలి. లండన్‌కో న్యూయార్కుకో సరిపోయే ఈ షరతు మద్దికెర దగ్గర తెగిపోతుంది.

దేశంలో రాష్ట్రాలు రకరకాలుగా ప్రయత్నించాయి. ఢిల్లీలో 1991 నుంచి ‘క్యాట్స్’ పేరిట ప్రభుత్వ సంస్థే అంబులెన్సులను నడుపుతోంది. మహారాష్ట్ర 2014లో 108ను మొదలుపెట్టినప్పుడు బండిలో వైద్యుడిని ఉంచే పద్ధతిని ఎంచుకొంది. గుజరాత్ 2007లోనే అత్యవసర వైద్య సేవలకు ప్రత్యేక చట్టం చేసింది. ఒప్పందం మీద నడిచే సేవకు, చట్టం మీద నడిచే సేవకు తేడా ఉంటుంది. ఒప్పందం నిర్వాహకుడిని మాత్రమే కట్టడి చేస్తుంది. చట్టం ఆసుపత్రినీ జవాబుదారీ చేయగలదు. తమిళనాడు మరో అడుగు వేసింది. 2021 డిసెంబరులో ప్రారంభించిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితుడికి తొలి 48 గంటల చికిత్స ఖర్చును, గుర్తించిన ప్రైవేటు ఆసుపత్రులలో సైతం, ప్రభుత్వమే భరించడానికి పూనుకొంది. బాధితుడు ఏ రాష్ట్రం వాడన్న ప్రశ్న అక్కడ లేదు. కేంద్రం కూడా 2025 మే నెలలో రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల పరిమితితో నగదు రహిత చికిత్స పథకాన్ని నోటిఫై చేసింది. ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు మీదుగా పోయే 167వ నంబరు జాతీయ రహదారిపై గాయపడినవారికి ఇది ఉపకరించాలంటే, ఆ దారిలోని ఆసుపత్రులు పథకంలో చేరి ఉండాలి, చేరినట్టు అంబులెన్సు సిబ్బందికి తెలిసి ఉండాలి. పథకం రోడ్డు ప్రమాదాలకు మాత్రమే. ప్రసవ వేదనకు, గుండెపోటుకు, పాముకాటుకు కాదు.

న్యాయస్థానం మాట పాతదే. గాయపడిన మనిషికి ముందు చికిత్స, తరువాతే పోలీసు కాగితాలు అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1996 నాటి పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసు ఇక్కడివారికి మరీ దగ్గరిది. రైలు నుంచి పడి తలకు గాయమైన ఒక కూలీని కలకత్తాలో ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి తిప్పారు. పడక లేదని ఒకచోట, సదుపాయం లేదని మరోచోట పంపివేశారు. సకాలంలో అత్యవసర చికిత్స అందించకపోవడం రాజ్యాంగపు 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కుకు భంగమేనని, నిధుల కొరత సాకు కాదని న్యాయస్థానం తేల్చింది. అంతటితో ఆగక, ఏ ఆసుపత్రిలో పడక ఉందో చెప్పే కేంద్రీకృత సమాచార వ్యవస్థ ఉండాలని, రోగిని తరలించే అంబులెన్సు ఏర్పాటు ఉండాలని సూచించింది. అంబులెన్సు వచ్చింది. పడక సంగతి, ప్రత్యేక వైద్యుడు విధిలో ఉన్నాడా లేడా అన్న సంగతి బండి బయలుదేరే ముందే తెలిసే ఏర్పాటు మాత్రం దాని వెంట రాలేదు.

ఆదోని బలపడితే..

ఈ మొత్తం గొలుసులో ఆదోని నడిమి లంకె. పశ్చిమ మండలాలకు అది కర్నూలు కంటే ఎంతో చేరువ. అక్కడి ప్రభుత్వాసుపత్రిలో రేయింబవళ్లు మత్తు వైద్యుడు, శస్త్రచికిత్సకుడు, రక్తం, సీటీ స్కాన్ అందుబాటులో ఉంటే కౌతాళం, కోసిగి, హొళగుంద, ఆస్పరి బండ్లు రెండు గంటలలో పని ముగించుకొని స్థావరం చేరతాయి. కొత్త బండ్లు కొనకుండానే బండ్ల సంఖ్య పెరిగినంత ఫలితం వస్తుంది. ఎమ్మిగనూరు పరిస్థితి కొంత నయం. కర్నూలు అక్కడికి డెబ్బై కిలోమీటర్లలోపే. మద్దికెర, చిప్పగిరి, తుగ్గలి మండలాలకు మాత్రం ఆదోని కన్నా పత్తికొండ ఆసుపత్రి బలపడడమే మేలు. గుంతకల్లుతో అంతర్‌జిల్లా అవగాహన కుదిరితే ఇంకా మేలు.

ఆదోనికి ప్రభుత్వ వైద్య కళాశాల మంజూరైనప్పుడు ఈ ఆశే చిగురించింది. గత ప్రభుత్వం తలపెట్టిన 17 కొత్త కళాశాలల్లో ఆదోనిదీ ఒకటి. నంద్యాల కళాశాల 2023లో తరగతులు ప్రారంభించగా ఆదోని పనులు వెనుకబడ్డాయి. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆదోనితో సహా పది కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో చేపట్టడానికి ఆమోదం తెలిపింది. దీనిపై రాజకీయ వాదోపవాదాలు తీవ్రంగా సాగాయి. ఆ వాదాలలో సీట్లు, ఫీజులు, భూముల ప్రస్తావన ఎక్కువ. అనుబంధ ఆసుపత్రి అత్యవసర విభాగంలోకి 108 తెచ్చే రోగిని ఏ షరతులతో చేర్చుకొంటారు, రాత్రి రెండు గంటలకు అక్కడ ఎవరుంటారు అన్నది పశ్చిమ మండలాలకు అంతకంటే అవసరమైన ప్రశ్న. అది ఒప్పంద పత్రంలో రాసుకోవలసిన విషయం. తరువాత అడిగితే తేలేది కాదు.

బండి నడక తగ్గించి చికిత్సను ముందుకు జరిపిన ఉదాహరణ ఈ జిల్లాకే తెలుసు. గుండెపోటు రోగులకు రక్తపు గడ్డను కరిగించే ఖరీదైన ఇంజెక్షనును కింది స్థాయి ఆసుపత్రులలోనే ఉచితంగా ఇచ్చే కార్యక్రమాన్ని రాష్ట్రంలో 2023లో చేపట్టినప్పుడు కర్నూలు సర్వజన ఆసుపత్రిని కేంద్రాలలో ఒకటిగా ఎంచుకొన్నారు. కింది ఆసుపత్రిలో తీసిన ఈసీజీని కేంద్రంలోని హృద్రోగ నిపుణుడు చూసి చెప్పగానే అక్కడి వైద్యుడు ఇంజెక్షను ఇస్తాడు. రోగిని ఆ తరువాత తీరికగా తరలించవచ్చు. ఇక్కడ ప్రయాణించింది రోగి కాదు, ఈసీజీ. తలగాయానికి ఈ పద్ధతి పనికిరాదు. పాముకాటుకు, పురుగుమందు విషానికి, కాన్పు తరువాతి రక్తస్రావానికి చాలావరకు పనికివస్తుంది.

108 నడక గురించి ప్రభుత్వం వద్ద సమాచారానికి కొదవ లేదు. పిలుపు వచ్చిన వేళ, బండి కదిలిన వేళ, రోగిని చేరిన వేళ, ఆసుపత్రి చేరిన వేళ ప్రతి కేసుకూ నమోదవుతాయి. జరిమానాలు, చెల్లింపులు వాటి మీదనే ఆధారపడతాయి. అందులో మొదటి మూడు వేళల సగటునే ప్రకటనలలో చూపుతారు. మండలాల వారీగా బండి స్థావరంలో లేని గంటలు ఎన్ని, ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి పంపిన కేసులు ఎన్ని, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నవి కూడా అదే నమోదుల నుంచి తీయవచ్చు. ఆ పట్టికను జిల్లా పరిషత్ సమావేశంలో పెడితే మద్దికెరకు రెండో బండి కావాలో, పత్తికొండకు మత్తు వైద్యుడు కావాలో అరగంటలో తేలిపోతుంది.